తమ్ముడి ఆవిరి, నా ఊపిరి

మా తమ్ముడు మా వీధరుగు మీద కూర్చుని మొదటిసారి మామిడిపండు వాసనొచ్చే పొగ వదిలినప్పుడు, పక్కనే ఉన్న మా అమ్మ నోట్లోంచి చుట్ట తీసి చేత్తో పట్టుకుని, మెడ ముందుకి చాపి వాసన చూసింది. మా అమ్మది అడ్డపొగ. అంటే వెలిగించిన కొసని నోటి లోపలికి పెట్టుకుని, పెదాలు బిగించి తాగడం. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళలో అది వింతేమీ కాదు. కొత్తగా చూసినవాళ్ళు మాత్రం నాలుక కాలదా అని అడుగుతారు.

"ఇదేట్రా, మావిడిపండు కాల్సుకుని పీల్సేస్తన్నావా?" అంది అమ్మ.

"కాల్సడం కాదే అమ్మా. ఇది పొగ కాదు, ఆవిరి. ఇందులో నిప్పుండదు."

"నిప్పు నేకండా పొగెలాగొస్తాదిరా?"

వాడు నవ్వేడు. నిజానికి నాకూ అదే సందేహం వచ్చింది. నేను చోడవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. ఆకు గాలి ఎలా పీలుస్తుందో బోర్డు మీద బొమ్మలు గీసి గీసి చేతికి అలవాటైపోయింది. కొత్త వస్తువు ఏదైనా కంటబడితే విప్పి చూసేదాకా నాకు తోచదు.

"ఇలాగియ్యి, సూస్తాను" అని చెయ్యి చాపేను.

వాడిచ్చిన వస్తువు పెన్ను కంటే లావు, మాత్రల డబ్బా కంటే సన్నం. లోపల ఒక బ్యాటరీ, చుట్టలు చుట్టిన చిన్న తీగ, ఆ తీగకి ఆనుకుని తడిసిన దూది. పీల్చినప్పుడు తీగ వేడెక్కుతుంది, దూదిలో ఉన్న ద్రవం మరిగి తుంపరలా నోట్లోకి వస్తుంది. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరి లేస్తుందే, అలాంటిదన్నమాట. అమ్మకి అలాగే చెప్పేను.

"అయితే తడిగుడ్డ పీలస్తన్నాడు" అని తేల్చేసి అమ్మ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

మా తమ్ముడు ఓడల్లో ఇంజన్ రూములో పనిచేస్తాడు. కొన్ని నెలలు సముద్రం మీద, కొన్ని నెలలు నేల మీద. వాడి భార్యది గాజువాకలో ఉద్యోగం, పిల్లల చదువులూ అక్కడే. ఈమధ్య చోడవరంలో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టేడు. అందుకని ఈసారి సెలవంతా మా ఇంట్లోనే ఉండి పని చూసుకుంటున్నాడు. మీసాలు సరిగ్గా రాకముందే సిగరెట్టు నేర్చుకున్నాడు. మా నాన్న తిట్టేడు, నేను బతిమాలేను, పెళ్ళాం ఏడ్చింది, మానలేదు. ఓడలో ఎవరో ఈ ఆవిరిగొట్టం, వేపు అంటారట, అలవాటు చేస్తే దాన్ని పట్టుకుని సిగరెట్టు మానేసేడు. ఆ సంగతి చెప్పినప్పుడు వాడి మొహంలో గర్వం చూడాలి.

"మొదట్లో ఇందులోనూ నికోటిన్ ఉండీదక్కా. నెమ్మదిగా తగ్గించుకుంటూ వచ్చేను. ఇప్పుడు తాగీదాంట్లో అసలే నేదు. సూడు, సీసా మీద సున్నా అని రాసుంది."

సీసా చూసేను. నిజంగానే సున్నా ఉంది. పక్కన మామిడిపండు బొమ్మ.

"మన దేశంలో అమ్మకూడదు, బయట్నుంచి తేకూడదు కదరా? తెలిసీ ఎందుకు తెచ్చేవు?"

"మరేటి సెయ్యను? అది నేకపోతే ఉండలేను."

"నికోటిన్ నేదంటన్నావు. నేకపోతే ఉండలేనంటన్నావు. రెండూ ఎలా కుదుర్తాయి?"

"చేతికేదో ఒకటుండాలి కదక్కా. అలవాటు" అని సీసా జేబులో వేసుకుని, మేస్త్రీ వచ్చేడని లేచి వెళ్ళిపోయేడు.

అలవాటే అయ్యుండొచ్చు. కానీ ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. వీడికి ఇది మేలు చేసిందా, కీడు చేసిందా? సిగరెట్టు మానిపించింది కాబట్టి మేలేనా? దీని పని ఇది లోపల చేసుకుపోతోందా? ఎవర్నడిగితే తెలుస్తుంది? ఫోనులో వెతికితే ఒకచోట అమృతమన్నట్టు, ఇంకోచోట విషమన్నట్టు ఉంది. అమ్మేవాడూ మాట్లాడుతున్నాడు, భయపెట్టేవాడూ మాట్లాడుతున్నాడు. చూసి చెప్తున్నవాడెవడో తెలియడం లేదు.

కొన్నాళ్ళకి మా కాలేజీలో పొగాకు మీద మాట్లాడ్డానికి విశాఖపట్నం నుంచి ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒకావిడ వచ్చేరు. నలభై ఏళ్ళుంటాయేమో. మాట్లాడడం అయిపోయేక స్టాఫ్ రూములో టీ ఇచ్చి, నేను పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సిగరెట్టు సంగతి సరేనండి. ఈ వేపింగు మాటేటి? చెడ్డదేనా?"

"మంచిది మాత్రం కాదు. ఊపిరితిత్తులకి గాలి తప్ప ఇంకేదీ అక్కర్లేదు. అంతవరకూ ధైర్యంగా చెప్తాను" అన్నారావిడ. "ఎంత చెడ్డది, ఎన్నేళ్ళకి బయటపడుతుంది, సిగరెట్టు మానడానికి వాడినవాళ్ళకి లాభమెంత నష్టమెంత అంటే మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదండి. దానిమీదే ఒక చిన్న స్టడీ చేస్తున్నాను. చేద్దామని మొదలుపెట్టేను అనడం నయం."

"ఏం? ఏటి ఇబ్బంది?"

"మనుషులు దొరకరు. నిషేధం కదా, తాగుతున్నామని ఎవరొప్పుకుంటారు? పేరు బయటికి రాదు, ఒక నంబరే ఉంటుందన్నా నమ్మరు. నమ్మి వచ్చినవాళ్ళందరూ అంతకుముందు సిగరెట్టు తాగినవాళ్ళే. వాళ్ళ ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తే అది పాత సిగరెట్టుదో కొత్త ఆవిరిదో నేనెలా విడదియ్యను?"

పప్పులో ఉప్పెక్కువైతే ఉప్పు మాత్రం తీసెయ్యలేనట్టు అనిపించింది నాకు. టీ చల్లారిపోతోందని ఆవిడే గుర్తుచేసేరు.

"మా ఇంట్లో ఒకడున్నాడండి" అన్నాను.

ఆవిడ కప్పు కింద పెట్టేసేరు.

తమ్ముణ్ణి ఒప్పించడం అంత తేలిగ్గా జరగలేదు. "నన్ను పోలీసులకి పట్టిస్తావేటి?" అని మొదట, "మేస్త్రీని వదిలి ఎక్కడికి రాను?" అని తర్వాత. నేను బతిమాలడం మానేసి ఒకమాట అన్నాను. "నీ ఆవిరికేం భయం లేదంటన్నావు కదా. అయితే మెషీన్ ముందు ఊది సూపించు." ఆ మాట పనిచేసింది. డాక్టరమ్మ పోల్చి చూసుకోడానికి ఎప్పుడూ పొగ ముట్టనివాళ్ళు కూడా కావాలన్నారు. అదే వయసుకి దగ్గరగా, అదే ఇంట్లో పెరిగినవాళ్ళయితే మరీ మంచిదట. అలా నేనూ బయల్దేరేను. చర్చి క్వయిర్‌లో పైశ్రుతిలో పాడే మనిషిని, నా ఊపిరికేం తక్కువ అని లోపల ధీమా.

సబ్బవరం మీదుగా వెళ్ళే బస్సెక్కేం. ఆ రోడ్డు మీద గోతుల సంగతి మా వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆస్పత్రి చేరేసరికి పరీక్ష చెయ్యకుండానే ఊపిరాడనట్టయింది.

ముందు తమ్ముణ్ణి కూర్చోబెట్టేరు. ముక్కుకి బట్టల క్లిప్పులాంటిది పెట్టి, నోటికి అట్టగొట్టం అందించేరు. గుండె నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున బయటికి కొట్టి, ఇంక లేదన్నా ఆపకుండా ఊదుతూనే ఉండాలి. డాక్టరమ్మ మామూలుగా మెల్లగా మాట్లాడే మనిషి, అక్కడ మాత్రం పడవపందెంలో కేకలేసినట్టు "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా, ఇంకా!" అని అరిచేరు. తమ్ముడి మొహం కందగడ్డయింది. కంప్యూటరు తెర మీద గీత నిటారుగా లేచి, నున్నగా దిగింది. మళ్ళీ ఊదించేరు, మళ్ళీ అలాగే వచ్చింది.

"బాగానే ఉంది" అన్నారావిడ.

వాడు నావైపు చూసి కనుబొమలెగరేసేడు.

తర్వాత నేను. పాటకి శ్వాస తీసుకున్నట్టే తీసుకున్నాను. ఊదేను. గీత లేచింది గానీ, దిగేటప్పుడు ఎవరో వేలితో నొక్కినట్టు లోపలికి గుంటపడింది. సరిగ్గా ఊదలేదేమో అనుకున్నాను. ఇంకోసారి ఊదేను, అదే గుంట. ఇన్‌హేలర్ మందు పీల్పించి, కాసేపు వరండాలో కూర్చోబెట్టి, మళ్ళీ ఊదించేరు. కాస్త మెరుగుపడింది, పూర్తిగా పోలేదు.

డాక్టరమ్మ కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. "మీ ఇంట్లో కట్టెల పొయ్యి ఉండేదా?"

"ఉండేదండి. అదొక్కటే కాదు. మా నాన్న బెల్లం వండేవారు. వడ్డాది చుట్టుపక్కల రైతుల దగ్గర. చెరకు ఆడిన రోజుల్లో పెనం కింద పొయ్యిలోకి ఎండుపిప్పి ఎగదొయ్యడం నా పనే. చిన్నప్పట్నుంచి పెళ్ళయ్యేదాకా."

"తమ్ముడు?"

"వాణ్ణి చిన్నప్పుడే హాస్టల్లో వేసేరండి."

ఆవిడ తల ఊపేరు. "ఆ గుంటంటే లోపల గాలిదారులు ఇరుకయ్యేయని. మీరు పొగ తాగలేదు. పొగలో పెరిగేరు. అంతకుమించి ఇప్పుడే ఏమీ అనలేను గానీ, మీకు మందు మొదలుపెట్టాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

వస్తోంది. వయసనుకున్నాను. పాటలో ఒక్కో చరణం చివర గాలి చాలక పక్కావిడ గొంతులోకి నా గొంతు దాచెయ్యడం కూడా వయసే అనుకున్నాను. చెప్పేసరికి నాకు కళ్ళు తడయ్యేయి. ఎవరిదో లెక్క చూడ్డానికి వెళ్ళినదాన్ని, నా లెక్క ఇలా తేలుతుందనుకోలేదు.

తమ్ముడికి జాలేసింది గానీ, వాడి బుద్ధి వాడిదే. "సూసేవా అక్కా! సిగరెట్టు తాగి, వేపు తాగినోడి ఊపిరి నీకంటే బాగుంది. ఇంకేటి కావాలి రుజువు?"

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. "మీ అక్క ఆ పొగ పీల్చి ఎన్నేళ్ళయింది? ఆ పొయ్యి దగ్గర నుంచి వచ్చేసేక పిల్లల్ని కన్నారు, ఉద్యోగం చేసేరు, పాటలు పాడేరు. ఇప్పుడు, యాభై దాటేక, ఈ గీతలో గుంట కనిపించింది. మీరు మొదలుపెట్టి రెండు మూడేళ్ళు. మీ గీత బాగుందంటే దానర్థం మీకేం కాలేదని కాదు, ఈ మెషీన్‌కి ఇంకా ఏమీ కనిపించలేదని. అసలు ఆ వస్తువు పుట్టే ఎక్కువ కాలం కాలేదు. ముప్ఫై ఏళ్ళు దాన్ని తాగినవాణ్ణి చూద్దామంటే ప్రపంచంలో ఎక్కడా లేడు."

వచ్చేముందు ఇద్దరి దగ్గరా మూత్రం కూడా తీసుకున్నారు. నికోటిన్ ఒంట్లోకి వెళ్తే దాని ఆనవాలు కొన్నాళ్ళు మూత్రంలో ఉంటుందట. ఎవరు ఏం తాగుతున్నారో నోటిమాట మీద కాకుండా సరిచూసుకోడానికి.

తిరుగుబస్సులో నేను ఒక మార్గం కనిపెట్టేననుకున్నాను. ఆస్పత్రి నుంచి బయటపడేముందు తీసుకున్న డాక్టరమ్మ నంబరుకి బస్సులోంచే ఫోను చేసేను.

"ఇదిగోనండి, ఎప్పుడూ ఏదీ తాగని వాళ్ళని కొంతమందిని తీసుకుని, చీట్లు వేసి, సగం మందికి ఈ వేపు ఇచ్చి, సగం మందికి ఇవ్వకపోతే తేలిపోదా?"

"తేలిపోతుంది" అన్నారావిడ. "మీ పిల్లల్ని పంపుతారా ఆ సగంలోకి?"

"అమ్మో, వద్దండి" అని ఫోను పెట్టేసేను. గోవాడ పంచదార ఫ్యాక్టరీ వైపు పోతున్న చెరకు ట్రాక్టరు ఒకటి మా బస్సుకి అడ్డం పడింది.

ఆ తర్వాత వారమో పదిరోజులో అయ్యేక డాక్టరమ్మ ఫోను చేసేరు. తమ్ముడి మూత్రంలో నికోటిన్ ఆనవాలు గట్టిగా ఉందట. "ఆయన వాడేదాంట్లో నికోటిన్ లేదన్నారు. సిగరెట్టు మానేసేనన్నారు. ఒకసారి నెమ్మదిగా అడగండి, నేను తప్పు పట్టను. తెలియాలి, అంతే."

నేను నెమ్మదిగా అడగలేదు. స్థలం దగ్గరికి వెళ్ళి, ఇటికల గుట్ట పక్కన నిలబెట్టి అడిగేసేను. "దొంగసాటుగా సిగరెట్టు తాగుతన్నావా?"

"నేదక్కా."

"మూత్రం అబద్ధమాడతాదేట్రా?"

"నా మాట కంటే నా మూత్రం ఎక్కువైపోయిందేటి నీకు?" అన్నాడు. మేస్త్రీ ఇటు తిరిగి చూసేడు. తమ్ముడు గొంతు తగ్గించేడు. "నా పిల్లల మీద ఒట్టు. రెండేళ్ళు దాటింది ముట్టి. ఓడలో అందరూ తాగుతూ ఉంటే కూడా ముట్టలేదు. నీకు తెల్దు అదెంత కష్టమో."

ఆ రోజు వాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాలేదు. అమ్మ అరుగు మీద కూర్చుని చుట్ట తాగుతోంది. ఆమెని చూసేసరికి నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఈవిడ చుట్టపొగ వాడు పీల్చడం వల్లేమో? వాడు రోజూ పొద్దున్నా సాయంత్రం ఆమె పక్కనే కూర్చుంటున్నాడు కదా. డాక్టరమ్మకి చెప్తే, పక్కవాళ్ళ పొగకి కొద్దిగా కనిపించొచ్చు గానీ ఇంత కనిపించదన్నారు. పైగా నేనూ అదే ఇంట్లో ఉంటాను, నా మూత్రంలో పేరుకి మాత్రమే ఉంది. అమ్మ కాదని తేలింది. ఇంక మిగిలినవి రెండు: మా తమ్ముడు అబద్ధమాడుతున్నాడు, లేకపోతే సీసా అబద్ధమాడుతోంది.

"వాణ్ణి మీ ఎదుట కూర్చోబెట్టి ఆ సీసాలోదే తాగించి, మర్నాడు పరీక్ష చేసేస్తే?" అనడిగేను.

"తాగమని నేను చెప్పకూడదండి. హాని ఉందని అనుమానమున్న దాన్ని తాగమని ఏ డాక్టరూ చెప్పకూడదు. మానమని మాత్రం చెప్పొచ్చు. కొన్నాళ్ళు పూర్తిగా మానేసి వస్తారేమో అడగండి. మళ్ళీ పరీక్ష చేద్దాం."

ఈసారి నెమ్మదిగానే అడిగేను. వాడికీ పట్టుదల వచ్చినట్టుంది. ఆ వస్తువూ, సీసాలూ ఒక స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బా నా చేతికిచ్చి, "బీరువాలో పెట్టి తాళం వేసుకో" అన్నాడు.

మొదటి రోజు బాగానే ఉన్నాడు. రెండో రోజు తలనొప్పన్నాడు. ఆ తర్వాత వాడితో వేగడం మా వల్ల కాలేదు. సిమెంటు పాలు తక్కువైందని మేస్త్రీ మీద, కూరలో ఉప్పెక్కువైందని నామీద, ఫోనులో గట్టిగా నవ్వుతున్నాడని మా ఆయన మీద విరుచుకుపడ్డాడు. కాసేపు కూర్చోడు, కాసేపు నిలబడడు. ఒక సాయంత్రం అరుగు మీద తల పట్టుకు కూర్చుంటే అమ్మ చూడలేకపోయింది.

"ఒరే బాబూ, ఇలాగ సచ్చిపోతావేట్రా. నా సుట్ట ఓ దమ్ము లాగు, తగ్గిపోద్ది" అని నోట్లోంచి తీసి అందించింది.

నేను వంటింట్లోంచి ఒక్క అంగలో వచ్చేను. "అమ్మా! అది లాగేడంటే ఇన్నాళ్ళదీ గంగలో కలిసిపోద్ది!"

"గంగా గోదారీ నాకు తెల్దు. పిల్లడు ఏడస్తన్నాడు" అంది అమ్మ. వాడు ఆ చుట్టకేసి చూసేడు. చెయ్యి కొంచెం ముందుకి కదిలింది కూడా. తర్వాత లేచి, చెప్పులేసుకుని బజారు వైపు నడిచి వెళ్ళిపోయేడు. వచ్చేటప్పుడు అందరికీ పకోడీలు తెచ్చేడు.

నాకు మాత్రం వాడి బాధ చూస్తూంటే జాలితోపాటు ఇంకోటి కూడా కలిగింది. నికోటిన్ లేని ఆవిరి మానితే ఇంత యాతన ఉంటుందా? డాక్టరమ్మని అడిగితే, "ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చేతి అలవాటు మానినా మనుషులు చిరాకు పడతారు. చిరాకుని కొలిచే మెషీన్ నా దగ్గర లేదు" అన్నారు.

మళ్ళీ పరీక్ష చేయిస్తే ఆనవాలు దాదాపు పోయింది. నేను సంతోషంగా ఇంటికొచ్చి, కంచంలో అన్నం పెట్టుకుని, ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయేను. వాడు ఒకవేళ దొంగచాటుగా సిగరెట్టే తాగుతూ ఉండి, ఈ వారం అదీ మానేసి ఉంటే? అప్పుడూ ఆనవాలు పోయేదే కదా! ఇంత యాతన పెట్టి మేం తేల్చుకున్నది ఏమీ లేదు. వాడు దేన్నో మానేడని తేలింది, దేన్నన్నది తేలలేదు. ఆ మాట వాడికి చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకపోయినా వాడే అన్నాడు, "ఇంకా నన్ను నమ్మటం నేదు కదా?"

"నమ్మడం వేరు, తెలియడం వేరురా" అన్నాను.

"నాకూ తెలియాలి" అన్నాడు వాడు. "ఆ సీసా తీసుకుపోయి అందులో ఏటుందో సూడమను."

అది అంత సులువు కాలేదు. నిషేధించిన వస్తువు కాబట్టి ఆస్పత్రిలో పెట్టుకోవాలన్నా, ల్యాబుకి పంపాలన్నా డాక్టరమ్మ పైవాళ్ళ అనుమతి తీసుకోవాలి. అది వచ్చేసరికి తమ్ముడి ఇంటికి స్లాబు వెయ్యడం అయిపోయింది. ఈలోగా వాడు డబ్బా ఇమ్మని నన్ను అడగలేదు. మళ్ళీ సిగరెట్టు మీదికి పోకుండా డాక్టరమ్మ నికోటిన్ చూయింగ్ గమ్ రాసిచ్చేరు. అది నములుతూ గోడలకి నీళ్ళు పట్టించుకునేవాడు.

ల్యాబు జవాబు వచ్చిన రోజు ఇద్దరం విశాఖ వెళ్ళేం. డాక్టరమ్మ కాగితం బల్ల మీద మా వైపు తిప్పేరు. సున్నా అని రాసున్న సీసాలో నికోటిన్ ఉంది. తక్కువేం కాదు.

మా తమ్ముడు ఆ కాగితాన్ని చాలాసేపు చూసేడు. నేను వాడి మొహంలో సంతోషం వెతికేను. నిజం చెప్పేడని తేలింది కదా. సంతోషం లేదు.

"అంటే నేను తగ్గించుకుంటూ వచ్చినదంతా..." అని ఆగేడు. "మానలేకపోతన్నానని నామీద నేనే సిగ్గుపడీవోణ్ణండి. సున్నా తాగుతూ కూడా మానలేకపోతన్నాను, నేనెంత బలహీనుణ్ణో అని."

డాక్టరమ్మ మంచినీళ్ళు ఇచ్చేరు. నేను వాడి వీపు మీద చెయ్యి వేసేను. తర్వాత ఆవిడ అన్నారు, "ఈ ఒక్క సీసా గురించే చెప్పగలం. మీరు అంతకుముందు కొన్న సీసాల్లో ఏముందో తెలియదు. ఇందులో వాసన కోసం వేసినవి కూడా చాలా ఉన్నాయి. కొన్ని తినే పదార్థాల్లో వేసేవే. కానీ తినడం వేరు, వేడిచేసి ఊపిరిలోకి పీల్చడం వేరు. సీసాకో రకం, తీగ వేడికో రకం. ఒకడు తాగింది ఇంకొకడు తాగడు. వీటన్నిటికీ కలిపి వేపింగ్ అని ఒకే పేరు పెట్టి, దాని ఫలితం చెప్పమని నన్నడుగుతున్నారు."

"మరి మావాడి లెక్క మీ స్టడీలో ఎక్కడేస్తారండి?" అన్నాను.

ఆవిడ కాస్త ఇబ్బందిగా చూసేరు. ఇద్దరినీ తీసెయ్యాల్సి వచ్చిందట. తమ్ముడు ఏం తాగేడో ఎంతకాలం తాగేడో ఖాయంగా చెప్పలేరు కాబట్టి వాడు కుదరడు. పొగ ముట్టని ఆరోగ్యవంతురాలి కింద పెట్టుకున్న నా ఊపిరికి ముందే దెబ్బ తగిలింది కాబట్టి నేనూ కుదరను.

"అయితే మా వైపు మీకు మనుషులు దొరకరండి" అన్నాను. "కట్టెల పొయ్యి దగ్గర కూర్చోనిది, దోమల చక్రం వెలిగించనిది, పక్కింటి చుట్ట వాసన తగలనిది ఎవరున్నారు? శుభ్రమైన గాలి పీల్చి పెరిగిన మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తారు?"

ఆవిడ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టేరు. "అదే నాకూ నిద్ర పట్టనివ్వడం లేదు" అన్నారు.

బస్టాండులో తమ్ముడు చెరకురసం తాగిస్తానన్నాడు. గ్లాసు పట్టుకుని ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టేడు. "ఇద్దరం పరీక్ష తప్పేం అక్కా." నాకూ నవ్వొచ్చింది. చిన్నప్పుడు వాడు లెక్కల్లో తప్పినప్పుడల్లా నాన్నకి తెలియకుండా దాచినదాన్ని నేనే. కలిసి తప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

అమ్మకి సంగతంతా చెప్తే, సీసా మీద తప్పుడు రాత రాసినవాణ్ణి ఒక పూటంతా తిట్టింది. "నా సుట్ట మీద ఏ రాతా నేదు. పొగాకంటే పొగాకే" అంది. అదీ నిజమే. కానీ పొగాకే అని తెలిసినంత మాత్రాన అది ఊరుకోదు కదా అని నేను ఆమెని కూడా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళేను. అంగిలి పైన తెల్లగా మందమై ఉంది. ప్రస్తుతానికి భయం లేదు గానీ చుట్ట మానాలి, చూపించుకుంటూ ఉండాలన్నారు. "మా అమ్మ ఇలాగే తాగి బోలెడేళ్ళు బతికిందమ్మా" అని అమ్మ వాదించింది. "తాగి తొందరగా పోయినవాళ్ళు నా దగ్గరికొచ్చి సాక్ష్యం చెప్పలేరు కదమ్మా" అన్నారావిడ. అమ్మ చుట్ట పూర్తిగా మానలేదు గానీ, నిప్పు బయట పెట్టి తాగుతోంది. అది కూడా మంచిది కాదని నేను చెప్తూనే ఉన్నాను.

తమ్ముడు ఆ వస్తువు తీసుకోకుండానే ఓడెక్కేడు. సింగపూర్ దగ్గర్లో ఒకసారి, తోటివాడి దగ్గర రెండు దమ్ములు లాగేనని వాడే ఫోను చేసి చెప్పేడు. మళ్ళీ గమ్ము మీదకి వచ్చేనన్నాడు. వాడు దిగి వచ్చేసరికి ఇంటికి టైల్స్ వేస్తున్నారు. నేను ఇన్‌హేలర్ పీలుస్తూ, క్వయిర్‌లో కింది శ్రుతికి మారేను. బాధపడలేదు. అక్కడ చరణం చివరిదాకా పాడగలుగుతున్నాను.

ఈసారి ఎవరూ రమ్మనకుండానే వాడు ఊదడానికి వెళ్దామన్నాడు. స్టడీలో లేకపోయినా డాక్టరమ్మ ఊదించేరు. ఆవిడ స్టడీ ముగిసింది. దొరికిన కొద్దిమందితో గట్టిగా ఏమీ చెప్పలేమని ఆవిడే రాసేరట. ఇప్పుడు దేవరాపల్లి వైపు పల్లెల్లో పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్ళ ఊపిరి కొలవడం మొదలుపెట్టేరు. సెలవు రోజుల్లో నేనూ వెళ్తున్నాను. డాక్టర్ల భాష వాళ్ళకీ, వాళ్ళ మాట డాక్టర్లకీ చెప్పడం నా పని. ముందు పునాది తెలిస్తే కదా దానిమీద ఏ పొగ ఎంత పాడుచేసిందో చెప్పడం అంటారావిడ.

తమ్ముడి గీత పోయినసారి కంటే ఒక్క పిసరు తగ్గింది.

"ఎందుకండి? వేపు వల్లా?" అన్నాడు వాడు కంగారుగా.

"వయసు పెరిగింది. ఇంజన్ రూములో ఉన్నారు. మొన్న జలుబు చేసిందన్నారు. ఈరోజు సరిగ్గా ఊదలేదేమో కూడా. ఏదైనా కావచ్చు" అన్నారు డాక్టరమ్మ. "ఒక్క గీతతో ఏమీ చెప్పలేం. చాలా గీతలుండాలి."

వాడు ముక్కు క్లిప్పు తీసి బల్ల మీద పెట్టేడు. "సరేనండి. ఓడ దిగినప్పుడల్లా వచ్చి ఊదుతాను" అన్నాడు. టైల్స్ మేస్త్రీ ఫోను చేస్తున్నాడని వరండాలోకి వెళ్ళి, లేత రంగువే వెయ్యమని గట్టిగా చెప్తున్నాడు. నేను కుర్చీలో కూర్చుని, నా వంతు గొట్టం అందుకున్నాను.